గోడ మీద అత్త, గోడ అవతల తోట

మా అత్తను గిద్దలూరులో చాలామంది మెడ దాకానే చూశారు. పెరటి గోడ అవతల నిలబడి చూసేవాళ్ళకు ముందు నెరిసిన జుట్టు, దాని కింద కోపం, దాని కింద గోడ కనిపించేవి. అంత ఎత్తు గోడ మీదుగా తల కనిపిస్తోందంటే మనిషి మంచి పొడుగరి అయ్యుంటుందని అందరూ అనుకునేవాళ్ళు. గోడకు ఇవతల ఆమె కాళ్ళ కింద బోర్లించిన పాత రోలు ఒకటి ఉందన్న సంగతి మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. పగిలిపోయి పనికిరాకుండా పోయిన ఆ రోలును ఆమె ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

మామ పోయిన తర్వాత ఆమె గడప దాటలేదు. దాటొద్దని ఎవరూ గట్టిగా చెప్పలేదట. దాటమనీ ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది ఆచారమని ఇంట్లోనే ఉంది. తర్వాత ఏమని చెప్పి బయలుదేరాలో తోచక ఉండిపోయింది. ఇదంతా నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. కాపురానికి వచ్చిన కొత్తలో అర్థమైంది మాత్రం ఒకటే. ఆమె బయటికి పోదు కాబట్టి నేను కూడా పోకూడదు.

నీళ్ళకు పెరట్లోనే బావి ఉంది. సామాను దుకాణం నుంచి మా ఆయన తెచ్చేవాడు. ఇక కోడలికి వీధిలో ఏం పని అని మా అత్త వాదన. నేనేమో దొనకొండ దగ్గర పల్లెలో పుట్టి, పొద్దస్తమానం చేల గట్ల మీద తిరిగినదాన్ని. గిద్దలూరులో నేను చూసిన ఊరంతా రైలు దిగి ఇంటికి వచ్చిన రోజు బండిలోంచి చూసిందే. రైలు కూత వినబడితే అది మా ఊరి వైపు పోతోందా, నంద్యాల వైపు పోతోందా అని వంటింట్లో కూర్చుని ఊహించుకోవడం నాకు పెద్ద కాలక్షేపం. చాలాసార్లు తప్పేదాన్ని. అయినా సరిచూసుకునే దారి లేదు కాబట్టి ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని.

అవి యుద్ధం రోజులు. మాది అప్పట్లో కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. కిరసనాయిలు దొరకదు, బియ్యం దొరకదు, దొరికినా తిన్న తర్వాత అది బియ్యమేనా అన్న అనుమానం వదలదు. అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం తాలూకా కచేరీలోని ఆర్.ఐ. గారు ఊళ్ళో పెద్దమనుషుల్ని పిలిపించి మీటింగు పెట్టారు. ఖాళీ జాగా ఎక్కడ కనిపించినా తిండి పండించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. మా పెరటి గోడ అవతల పాత బందెలదొడ్డి ఉండేది. చేలల్లో పడి మేసిన పశువుల్ని పట్టుకొచ్చి కట్టేసే సర్కారు దొడ్డి అది. దాన్ని స్టేషను వైపు మార్చాక ఆ జాగా ఊరికే పడి ఉంది. ఊరంతా కలిసి అక్కడ ఇంటికొక మడి చొప్పున కూరగాయలు పండించుకోవాలని ఆర్.ఐ. గారు చెప్పారు. మగవాళ్ళందరూ తలలూపి, కాఫీలు తాగి, ఇళ్ళకు పోయి ఆ మాట పెళ్ళాలకు చెప్పి పడుకున్నారు. ఆ తోటకు మగవాళ్ళు చేసిన సేద్యం అంతటితో పూర్తయింది.

మా ఆయన ఆ కచేరీలోనే గుమాస్తా. ఎవరెవరు చేరతారని ఆర్.ఐ. గారు అడిగినప్పుడు ఆయన చూపు యాదృచ్ఛికంగా మా ఆయన మీద పడింది. మా ఆయన చెయ్యి దానంతటదే లేచింది. ఇంటికి వచ్చి వాళ్ళమ్మ ముందు నిలబడి, పై అధికారి మాట, కాదంటే ఉద్యోగానికి బాగుండదు, మన ఇంటి నుంచి ఒకరు పోవాల్సిందే అని గోడకేసి చూస్తూ చెప్పాడు. మా అత్త అన్నం కలుపుతూ కలుపుతూ ఆగింది. పోవాల్సింది తాను కాదు. కొడుకు పోడు. ఇక మిగిలింది నేను. నేను వంటింటి తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

మర్నాడు పొద్దున ఆమె నన్ను పిలిచి తన తీర్పు చెప్పింది.

"పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందర ఒకసారి పోయిరా. కానీ మన మడిలో కాసిన కాయ దీపావళి లోపల మన కుండలో ఉడకాల. ఉడికితే ఎప్పటికీ పోతా ఉండు. ఉడకకుంటే మళ్ళా గడప దాటే మాటే ఎత్తొద్దు."

నేను సరేనని తల ఊపాను. ఆ నిమిషంలో ఆమె తాటిచెట్టు ఎక్కి దిగమన్నా సరేననేదాన్నే.

గోడ దూకితే తోట అవతలే ఉంది. వీధిన పోతే దుకాణం దాటి, పోస్టాఫీసు దాటి, మిషన్ బడి ముందు నుంచి మలుపు తిరిగి, దొడ్డి గేటు దాకా పెద్ద చుట్టు. నేను ఆ చుట్టే తిరిగేదాన్ని. దుకాణంలో ఏం దిగిందో, పోస్టాఫీసు అరుగు మీద ఎవరు కూర్చున్నారో, బడిలో పిల్లలు ఏ ఎక్కం అరుస్తున్నారో వింటూ మెల్లగా నడిచేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ నడకే నాకు తోట. మిగతాదంతా దాని కోసం చేసిన చాకిరీ.

తోటలో చాలామందే చేరారు. ఎక్కువ నోరు మాత్రం ముగ్గురిది. ఒకరు దుకాణదారు భార్య, అందరికీ దుకాణమక్క. ఇంకొకరు పోస్టుమాస్టరు గారి భార్య, తన మాటే చెల్లాలని పట్టుబట్టే మనిషి. మూడో ఆమె మిషన్ బడిలో చదువు చెప్పే టీచరమ్మ, క్రైస్తవుల వాడ నుంచి వచ్చేది, ఎవరేమన్నా ముందు నవ్వేసేది. ఆమె మాతో పాటు బొక్కెన పట్టుకుని దొడ్డి బావిలో నీళ్ళు తోడుతుంటే కొందరికి మొహాలు మాడినాయి. అది ఇన్నేళ్ళూ ఊరి ఆవులూ దున్నలూ తాగిన బావి కాబట్టి ఏమీ అనలేక దిగమింగుకున్నారు. ఇళ్ళలోని బావుల దగ్గరైతే ఊరుకునేవాళ్ళు కారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

నేను పల్లె నుంచి వచ్చినదాన్ని కాబట్టి సేద్యం నాకు కొట్టిన పిండి అని అందరూ అనుకున్నారు. ఏ గింజ ఎంత లోతున వేయాలి, ఏ మొక్కకు ఎన్ని నీళ్ళు పోయాలి అని నన్నే అడిగేవాళ్ళు. మా నాయన చేలో నేను చేసిన పనల్లా కందికాయలు ఒలుచుకుని తినడం. అయినా అడిగినవాళ్ళను నిరాశపరచడం ఇష్టం లేక, కొంచెం ఆలోచించినట్టు నటించి, వేలెడు లోతు అనేదాన్ని. ఏ గింజకైనా వేలెడు లోతే. మా పోస్టుమాస్టరమ్మ వేళ్ళు చాలా పొడుగు, పాపం.

జాగాను మడులుగా కోసి ఇంటికొకటి పంచుకున్నాం. హద్దులకు మార్కాపురం నుంచి బండి మీద వచ్చిన పలకరాయి ముక్కలు పాతాం. బడిపిల్లల పలకలు కోయగా మిగిలిన ముక్కలవి, తేలిగ్గా ఉంటాయి. ఆ తేలికే కొంప ముంచింది. తెల్లారి వచ్చి చూస్తే ప్రతి రాయీ రాత్రికి రాత్రి కాస్త జరిగి ఉండేది. ఎవరు జరిపారంటే ఎవరూ జరపలేదు. కొన్నాళ్ళకు రాళ్ళు ఎంత జరిగాయంటే, జరిగి జరిగి మొదట పాతిన చోటికే వచ్చాయి. అప్పుడు అందరూ కలిసి ఇక జరపకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

నేల మాత్రం రాయి. పశువులు తొక్కి తొక్కి గట్టిపడిపోయింది. దానికి ఎరువు కావాలి. మా వైపు అందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. జొన్న కోతలై చేలు ఖాళీ అయ్యాక గొర్రెల మందను పిలిపించి, రాత్రిళ్ళు ఆ పొలంలో పడుకోబెట్టిస్తారు. మంద పడుకుని లేచిన చోట పెంటికలు పడి నేల బలుస్తుంది. కాపరికి మాత్రం అన్నం పెట్టాలి. హనుమంతునిపాడు వైపు జొన్న చేలల్లో మేపుకుని, నల్లమల అడవికి మందను తోలుకుపోతున్న ఒక తాతను దుకాణమక్క పట్టుకొచ్చింది. ఇంటికొక పూట చొప్పున ఆయనకు అన్నం పెట్టేటట్టు ఒప్పందం.

కాపరి తాత ఒప్పుకున్నాడు కానీ గొర్రెలు ఒప్పుకోలేదు. ఊరందరి మడుల్లో సమంగా పడుకోవాల్సిన గొర్రెలు, వరసగా అన్ని రాత్రులూ మా పెరటి గోడ పక్కనే, అంటే మా మడిలోనే, ఒకదాని మీద ఒకటి పడి పడుకున్నాయి. పొద్దున్నే వచ్చి చూస్తే మా మడిలో పెంటికలు పరుపులా ఉండేవి, మిగతావాళ్ళ మడుల్లో కాగడా పెట్టి వెతికినా దొరికేవి కావు. దుకాణమక్క చీపురు తెచ్చి మా మడిలోవి తన మడిలోకి ఊడ్చుకుంది. పోస్టుమాస్టరమ్మ చీపురుతో పాటు చేట కూడా తెచ్చింది. గోడ మీంచి మా అత్త తల లేచింది. ఊడ్చినవన్నీ తిరిగి పోసే దాకా ఆ తల దిగలేదు. మీ గొర్రెల్ని కాస్త ఆ పక్కకు పడుకోమని చెప్పు తాతా అని అందరూ కాపరి మీద పడ్డారు. ఇంత అన్నం తిని గొర్రెలకు ఆ మాత్రం చెప్పలేవా అని నిలదీశారు. తాత గొర్రెల వైపు చూశాడు, వీళ్ళ వైపు చూశాడు, మజ్జిగ అడిగాడు.

గొర్రెలకు మా మడి మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో నాకు మర్నాడు మా అత్త తల దువ్వుతుంటే తెలిసింది. ఆమె జుట్టు నిండా కందిపొట్టు. కందులు విసిరితే వచ్చే ఆ పొట్టంటే గొర్రెలకు ప్రాణం. మా ఆవుకని దాచిన బస్తా సగానికి తగ్గిపోయి ఉంది. రోలెక్కి గోడ అవతలికి పొట్టు విసురుతుంటే గాలికి కొంత ఆమె మీదే పడిందన్నమాట. ఏందత్తా ఇది అని అడిగితే, చుండ్రు అన్నది. నేను దువ్వెన విదిలించి ఊరుకున్నాను. నాకూ ఆ మడి బాగుపడాలి కదా.

తొలకరి పడగానే అందరం గింజలు పెట్టాం. మేము దోస పెట్టాం. దుకాణమక్క వంకాయ, పోస్టుమాస్టరమ్మ బెండ, టీచరమ్మ గోగు, బీర. ఆర్.ఐ. గారు పంచిన సీమ విత్తనాలు కూడా తలా కాసిని చల్లాం. అవి మొలిచాయో లేదో ఈనాటికీ తెలియదు, మొలిస్తే ఎట్లా ఉంటాయో ఎవరూ చూడలేదు కాబట్టి.

మా మడి మాత్రం విరగబడి మొలిచింది. దోస మొలకలే, గుత్తులు గుత్తులుగా, మేము పెట్టిన చోటా, పెట్టని చోటా. ఇంత ఒత్తుగా ఉంటే కాయదు, కొన్ని పీకేద్దామత్తా అన్నాను. ఒక్కటి పీకినా ఊరుకోనన్నది. రోలు మీది నుంచి పొద్దునా సాయంత్రమూ పర్యవేక్షణ. ఆ మూల నీళ్ళు పోయలేదు, ఈ తీగ మీద కాలు పెట్టావు, ఆ ఆకు వెనక పురుగుంది. అంత దూరం నుంచి పురుగు ఎట్లా కనబడిందని టీచరమ్మ ఆశ్చర్యపోయింది. సూదిలో దారం ఎక్కించమని పిలిస్తే కళ్ళు కనబడవంటుంది మా అత్త.

వానలు పడుతున్న కొద్దీ తీగలు హద్దురాళ్ళు దాటి అందరి మడుల్లోకీ పాకాయి. వంకాయ చెట్లెక్కాయి, బెండ చెట్లెక్కాయి. పిందెలు పడ్డాయి. అప్పుడు తగాదా మొదలైంది. కాయ ఎవరిది? మా మడిలో కాస్తే మాదేనని దుకాణమక్క. వేరు మాది కాబట్టి కాయ మాదేనని గోడ మీది తల. చివరికి పోస్టుమాస్టరమ్మ మధ్యవర్తిగా కూర్చుని, కాయ ఎవరి మడిలో వేలాడితే వాళ్ళదేనని తేల్చింది. ఎక్కువ వేలాడుతున్నది ఆమె మడిలోనే. మా అత్త ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు దుకాణమక్క గుడ్డంత కాయలు ఒడి నిండా కోసుకుపోయి పప్పులో వేసింది. ఆ రోజు వాళ్ళింట్లో ఎవరూ అన్నం తినలేదు. కాయలు కటిక చేదు. పోస్టుమాస్టరమ్మ కూర చేసి ముందుగా పోస్టుమాస్టరు గారికి వడ్డించింది. ఆయన మర్యాదస్థుడు కాబట్టి మింగి, లేచి పెరట్లోకి పోయి, చాలా సేపు రాలేదట. ఆ సాయంత్రం ఇద్దరూ తోటకు వచ్చి, న్యాయం ఎప్పుడైనా న్యాయమేనని, వేరు ఎవరిదో కాయ వాళ్ళదేనని, తాము కోసినవి కూడా తిరిగి తీసుకోవాలని మా మడిలో కుప్ప పోశారు.

టీచరమ్మ ఆ కుప్పలో ఒక కాయ తీసి, గోరుతో గీరి, వాసన చూసి, ఇక ఆగకుండా నవ్వింది. "ఇవి దోసకాయలు కావు చెల్లా, బుడమకాయలు. జొన్న చేలల్లో వాటంతటవే మొలుస్తాయి. గొర్రెలు అక్కడ తిని వచ్చి ఇక్కడ వేసినాయి."

అప్పుడు నాకు అంతా వెలిగింది. తాత మందనంతా కందిపొట్టుతో పిలిచి మా మడిలో పడుకోబెట్టాం. అవి మోసుకొచ్చిన బుడమ గింజలన్నీ మా మడిలోనే పడ్డాయి. మిగతావాళ్ళ మడుల్లో పెంటికలు పడలేదు కాబట్టి వాళ్ళు పెట్టినవే వాళ్ళకు మొలిచాయి. మా దోస మొలకలు బుడమ తీగల కింద నలిగి ఎప్పుడో చచ్చాయి. ఎండాకాలమంతా తవ్వి, వానాకాలమంతా కలుపు తీసి, అంత ప్రేమగా మేం పెంచింది కలుపునే.

నాకు నవ్వు రాలేదు.  దీపావళి దగ్గరికొస్తోంది. మా మడిలో బుడమ తప్ప ఇంకేమీ లేదు. ఇంటికి పోయి సంగతి చెప్పాను. మా అత్త రోలు మీది నుంచి దిగి కాళ్ళు కడుక్కుంది.

"పండినవి ఏమన్నా ఉండాయా?" అని అడిగింది.

ఇంకా పండలేదన్నాను.

"పండితే వాసన వస్తది," అని లోపలికి పోయింది.

ఆ మాట నాకు అర్థం కాలేదు. ధైర్యం చేసి వెనకే పోయి, బుడమకాయ కూరగాయ కిందికి వస్తుందా రాదా అని అడిగాను. గట్టు మీద దానంతటది మొలిచేదాన్ని కూరగాయ అంటారా అని ఎదురడిగింది. అంటే రాదన్నమాట. ఆ రాత్రి మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. అమ్మతో మాట్లాడతానన్నాడు. మర్నాడు పొద్దున్నే మాట్లాడాడు కూడా, నీళ్ళు కాగినాయా అని.

తోటలో ఆడవాళ్ళకు నా సంగతి తెలిసింది. అన్ని నెలలూ పెంటికల దగ్గర, హద్దురాళ్ళ దగ్గర నాతో పోట్లాడినవాళ్ళే నా చుట్టూ చేరారు. నా మడిలో వంకాయలు కోసుకుపోయి నీవని చెప్పు అన్నది దుకాణమక్క. బెండకాయలు తీసుకోమన్నది పోస్టుమాస్టరమ్మ. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. కానీ ఏ మడిలో ఏ కొమ్మకు ఏ కాయ ఉందో మా అత్తకు తెలుసు. మేం మాట్లాడుకుంటూ ఉండగానే గోడ మీది నుంచి, ఆ మూల వంకాయ ముదిరిపోతోంది కోసుకోమని దుకాణమక్కకు కేక వినబడింది. ఇక దొంగతనం ఎక్కడ చేసేది?

ఈ లోపల ఆర్.ఐ. గారు తోట తనిఖీకి వచ్చారు. తాను ఇచ్చిన సీమ విత్తనాలు ఏవని అడిగారు. అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మా ఆయన ఆయన వెనక కాగితాలు పట్టుకుని వణుకుతున్నాడు. ఆర్.ఐ. గారు ఎక్కడ చూసినా పాకుతున్న తీగల్ని చూసి ఇదేమిటని అడిగారు. "సీమ దోస," అన్నది గోడ మీది తల. ఆర్.ఐ. గారు తల ఎత్తి, అంత పొడుగైన ఆడమనిషిని చూసి కొంచెం జంకి, ఇంగ్లీషులో ఏదో మెచ్చుకుని, పైఅధికారులకు చూపించాలని ఒక బుట్ట నిండా కోయించుకుపోయారు. ఆ పైఅధికారులు వాటిని తిన్నారో లేదో తెలియదు. మా ఆయన మాత్రం బదిలీ కాగితం వస్తుందని చాలా రోజులు పోస్టు బంట్రోతును చూస్తే పక్క సందులోకి తిరిగేవాడు.

దీపావళి ఇంకొన్ని రోజులుందనగా, ఒక మిట్ట మధ్యాహ్నం నేను వంటింట్లో పిండి విసురుతున్నాను. తోటలో ఆ వేళ ఎవరూ ఉండరు. పెరట్లో మా అత్త ఎవరినో అదిలిస్తోంది. ఇరుగుపొరుగు ఎవరో అనుకున్నాను. తర్వాత తిట్లు మేకను తిట్టే తిట్లని అర్థమైంది. ఎవరి మేకలో గేటు తోసుకుని తోటలో పడ్డాయి. కట్టె విసిరిన చప్పుడైంది, చెంబు విసిరిన చప్పుడైంది. తర్వాత పెద్ద చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

పరుగెత్తిపోయి చూస్తే పెరట్లో రోలు ఒక్కటే ఉంది. అత్త లేదు.

 ఆ రోలు మీద కాలు పెట్టడం నాకు అదే మొదలు. ఎక్కి అవతలికి తొంగి చూశాను. నా తల గోడ మీద, మా అత్త గోడ అవతల. మేకల్ని కొట్టబోయి గోడ మీదికి పాకి, అటు జారిపోయిందన్నమాట. తీగల మధ్య కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కొప్పు ఊడి తీగలు జుట్టులో చిక్కుకున్నాయి. ఎదురుగా ఒక మేక నమలడం ఆపి ఆమెనే చూస్తోంది. అంత ఒత్తుగా అల్లుకున్న తీగలు కాబట్టి పరుపు మీద పడ్డట్టే పడింది, ఎక్కడా దెబ్బ తగల్లేదు.

దెబ్బ తగిలిందా అత్తా అని కేక వేశాను.  ఆమె చేతిలో పసుపు తిరిగిన చిన్న కాయ ఒకటి పట్టుకుని వాసన చూస్తోంది. ఆకుల కింద దాగిన పండినవి ఆమె పడ్డాక బయటపడ్డాయి. ఆ వాసన గోడ మీద ఉన్న నాకు కూడా తగిలింది.

"జొన్న కోతలకు పోయినప్పుడు ఒడి నిండా ఏరుకునేదాన్ని," అన్నది నా వైపు చూడకుండా. "పెండ్లి అయినాక మళ్ళా ఈ వాసన చూళ్ళేదు."

హనుమంతునిపాడు అవతల మెట్ట పల్లెలో ఆమె పుట్టిందని నాకు తెలుసు. అక్కడ ఆమె కూడా నాలాగే గట్ల మీద తిరిగి ఉంటుందన్న ఊహ మాత్రం ఆ నిమిషం దాకా నాకు రాలేదు.

ఉండు అత్తా వస్తున్నా అని రోలు దిగి, వీధి తలుపు తీసుకుని పరుగెత్తాను. అనుమతి అడగాలన్న సంగతే గుర్తు రాలేదు. దుకాణం, పోస్టాఫీసు, బడి దాటి గేటు దాకా ఒగరుస్తూ పోయేసరికి ఆమె మేకల్ని తరిమేసి, పండిన కాయలు ఏరి ఒడిలో పోసుకుంటోంది. గోడ ఎక్కించడానికి ప్రయత్నం చేశాను. నేను తోస్తే ఆమె కిందికి జారింది, ఆమె పట్టుకుంటే నేను జారాను. రెండుసార్లు పడ్డాక ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇక చేసేదేమీ లేదు. వీధిలోంచి ఇంటికి పోవాల్సిందే.

గేటు దగ్గర ఆమె కాసేపు నిలబడిపోయింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఒడిలో కాయలు సరిచేసుకుంది. మళ్ళీ కొంగు లాక్కుంది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.  గోడ మీంచి ఊరందరినీ హడలగొట్టిన మనిషి, నేను అడుగు వేసే దాకా అడుగు వేయలేదు.

ముందు బడి వచ్చింది. టీచరమ్మ కిటికీలోంచి చూసి పాఠం ఆపేసింది. పిల్లలందరూ గుసగుసలాడుకుంటూ కిటికీకి చేరారు. పోస్టాఫీసు అరుగు మీద పోస్టుమాస్టరమ్మ మా ఇద్దరినీ చూసి లేచి నిలబడింది. దుకాణమక్క బయటికి వచ్చి మా అత్తను పైనుంచి కిందికి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏంది పెద్దమ్మా, నువ్వు ఇంత పొట్టిదానివా?"

నిజమే. మా అత్త నా భుజం దాకా కూడా రాదు. ఊరంతా ఇన్నాళ్ళూ పొడుగరి అనుకుని భయపడింది ఈ మనిషికి. వీధి అంతా ఒక్కసారిగా నవ్వింది. మా అత్త మొహం ముడుచుకుంటుందనుకున్నాను. ఆమె ఒడిలోంచి ఒక బుడమ పండు తీసి దుకాణమక్క చేతిలో పెట్టి, చేదుండదు తిను అన్నది. పోస్టాఫీసు వైపు తిరిగి అక్కడికీ ఒకటి పంపించింది. దారిలో ఎదురైనవాళ్ళకు ఒక్కొక్కటి ఇస్తూ, ఎవరి పిల్లవు, మీ అమ్మ బాగుందా, ఈ ఇల్లు ఎప్పుడు కట్టినారు, ఇక్కడ చింతచెట్టు ఉండాల కదా కొట్టేసినారా అని అడుగుతూ నడిచింది. ఆమె నడకకు నేను చాలా నెమ్మదిగా అడుగు వేయాల్సి వచ్చింది.

ఇంటి ముందుకు వచ్చేసరికి ఒడిలో కాసిని కాయలే మిగిలాయి. నేను గడప మీద కాలు పెట్టి, ఉండబట్టలేక అడిగాను, దీపావళి మాట ఏమిటని.

"కాయే కదా. ఉడుకుతుందిలే," అన్నది.

అంటే నాకు వీధి దొరికింది. ఆ సంతోషంలో లోపలికి పోయి కాళ్ళకు నీళ్ళు తెద్దామని తిరిగాను. ఆమె వెనక రావడం లేదు. గడపకు అవతలే నిలబడి ఉంది. ఇంట్లోకి చూసింది. తర్వాత మేము వచ్చిన వీధి వైపు చూసింది. జుట్టులో ఇంకా ఒక తీగ ముక్క వేలాడుతోంది.

"ఇంకో సుట్టు పోయొద్దాం పా," అన్నది.